ఖాళీ తక్కెడ

హాస్టల్, రెండో అంతస్తు

నాన్నకి,

ఫోన్ నువ్వే పెట్టేశావు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. ఇక మీదట ఇదే పద్ధతి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా చెవికి ఫోన్ తగిలించుకుని, అప్పు కట్టని వాళ్ళ చేత తిట్లు తినడం నా ఉద్యోగం. ఇంటి తిట్లు కూడా అదే చెవిలో పోయించుకునే ఓపిక లేదు. కాగితం మీదైతే మడిచి పక్కన పెట్టుకోవచ్చు.

సైకాలజీలో సీటు వచ్చింది. రెండేళ్ళ పీజీ. అమ్మని చేర్చిన ఆసుపత్రి వాళ్ళ కాలేజీయే. రెండో ఏడాదంతా వార్డుల్లో పని. పూర్తయితే లైసెన్సు చేతికొస్తుంది, సొంతంగా మనుషుల్ని చూడొచ్చు. ఫీజుకి బ్యాంకు అప్పిస్తానంది. తండ్రి హామీ ఉండాలంది. ఫారం ఇందులో పెట్టాను. గీత గీసిన చోట సంతకం పెట్టి పంపు. వానలు మొదలయ్యేలోగా సీటు ఖాయం చేసుకోవాలి.

"ఊళ్ళో వాళ్ళ ఏడుపులు వినడానికి అప్పు చేసి మరీ చదవాలా?" అన్నావు. ఆ మాట మర్చిపోయానని మాత్రం అనుకోకు.

అమ్మాయి

*

ఇంటి నుంచి

అమ్మాయికి,

ఫారం చేరింది. సంతకం పెట్టలేదు.

కాలేజీ వాళ్ళు అచ్చేసిన పుస్తకం తెప్పించుకుని చదివాను. 'మా విద్యార్థుల సగటు జీతం' అని పెద్ద అక్షరాలతో ఒక అంకె ఉంది. ఆ అంకె ఎక్కడిదో కనుక్కుందామని ఫోన్ చేశాను. ఒకమ్మాయి ఎత్తింది.

"ఎవరెవరిని లెక్కేశారమ్మా?"

"మాకు జవాబు రాసిన వాళ్ళని సార్."

"ఎంతమంది రాశారు?"

"అది బయటికి చెప్పం సార్."

"ఉద్యోగం దొరకని వాళ్ళు రాశారా?"

"వాళ్ళెందుకు రాస్తారు సార్!"

ఆ పిల్ల అమాయకురాలు, నిజం చెప్పేసింది. కొట్లలో తూనికలు, కొలతలు తనిఖీ చెయ్యడం నా పని. ఇంత నున్నటి మోసం నేను ఏ కొట్టులోనూ చూడలేదు. తక్కువ తూగినవి తీసి పక్కన పెట్టి, మిగిలినవాటి బరువు చూపిస్తున్నారు.

ఫీజు, హాస్టలు, నువ్వు చదువుతున్నంత కాలం పెరిగే వడ్డీ కలిపి చూశాను. నువ్వు బయటికొచ్చే నాటికి అప్పు, కొత్తగా చేరిన వాళ్ళ ఏడాది జీతానికి నాలుగు రెట్లు. చదువు అప్పు మొదటి ఏడాది జీతాన్ని దాటకూడదు. దాటితే నువ్వు చూసేది రోగుల్ని కాదు, బ్యాంకు గడువుల్ని. ఏదో ఒకరోజు నీకు ఫోన్ వస్తుంది. అవతల మాట్లాడేది ఇప్పుడు నీ పక్క కుర్చీలో కూర్చున్న పిల్లే.

ఇక్కడి విశ్వవిద్యాలయంలో అదే సైకాలజీ ఉంది. ఫీజు పదో వంతు. అక్కడ చేరితే నా జీతంలోంచే కట్టేస్తాను. అప్పు అక్కర్లేదు.

నాన్న

*

హాస్టల్

గౌరవనీయులైన తనిఖీ అధికారి గారికి,

మీ నివేదిక అందింది. చాలా బాగుంది. ఒక పళ్ళెం మాత్రమే తూచారు.

మీరు చెప్పిన విశ్వవిద్యాలయం డిగ్రీకి లైసెన్సు రాదు. ఫీజు పదో వంతు అని చూశారు, ఆ తర్వాత ఏమిటని చూడలేదు. ఏదో స్కూల్లో పిల్లల మార్కులు ఎందుకు తగ్గాయో తల్లిదండ్రులకి సర్దిచెప్పే ఉద్యోగం వస్తుంది. ఇప్పుడు నాకొచ్చే జీతం కంటే రూపాయి ఎక్కువ రాదు. రెండేళ్ళు పోగొట్టుకుని ఉన్న చోటికే రావడానికి మీరు డబ్బిస్తారన్నమాట. మీ దయ.

ఇంకొకటి కూడా ఉంది, మీరే తవ్వి తీసి నా మీద పారేసేలోపు చెప్పేస్తాను. పాత మానసిక ఆసుపత్రి వాళ్ళ శిక్షణ. ఫీజు లేదు, నెలనెలా ఎంతో కొంత ఇస్తారు, లైసెన్సూ వస్తుంది. చదువయ్యాక మూడేళ్ళు వాళ్ళు వెయ్యమన్న వార్డులో, వాళ్ళిచ్చే జీతానికి పనిచెయ్యాలి. అక్కడా రాశాను, పిలిచారు. నాకు అక్కర్లేదు.

బాబాయి కొడుకు ఇంజనీరింగుకి హామీ ఉన్నప్పుడు మీరు ఏ సగటూ అడగలేదు. ఏ కాలేజీకీ ఫోన్ చెయ్యలేదు. పెన్ను అడిగి, అక్కడికక్కడ సంతకం పెట్టారు. నేను చూశాను. టీ గ్లాసులు అందిస్తున్నది నేనే.

మీకు అడ్డం అప్పు కాదు. కౌన్సిలర్ గారు. అమ్మ మంచం పక్కన కూర్చుని మాట్లాడించిన మనిషి ఆ కాలేజీలో పాఠం చెప్తుంది. ఆవిడ మాట ఎత్తితే చాలు, మీ దవడ బిగుస్తుంది. అవునా, కాదా?

మీ విధేయురాలు

*

ఇంటి నుంచి

అమ్మాయికి,

పుట్టినప్పటి నుంచి నన్ను 'నువ్వు' అన్నావు. ఇప్పుడు 'మీరు' అన్నావు. కొట్టదలుచుకుంటే కొట్టు. ఇంత గట్టిగా కొట్టక్కర్లేదు.

బాబాయి కొడుకు విషయంలో నీది న్యాయం. అప్పుడు అడగాల్సింది, అడగలేదు. వాడు అప్పు తీర్చుకుంటున్నాడు కాబట్టి నేను బతికిపోయాను.

మానసిక ఆసుపత్రి శిక్షణ గురించి నాలుగు ముక్కలు రాసి 'నాకు అక్కర్లేదు' అని తేల్చేశావు. అప్పు లేదు, లైసెన్సు ఉంది, చదువుతుండగానే డబ్బు. జీతం తక్కువే అనుకో, మూడేళ్ళ తర్వాత నీ దారి నీది. లెక్క తెలిసిన వాళ్ళెవరూ దాన్ని అలా తోసెయ్యరు. అంటే నువ్వు లెక్క వెయ్యడం లేదు.

నా పనిలో మొదట చేసేది ఒకటుంది. కొట్లోకి వెళ్ళగానే సరుకు వైపు చూడను, తూకం రాళ్ళ వైపు చూడను. రెండు పళ్ళేలూ ఖాళీ చేయించి తక్కెడ ఎత్తమంటాను. ఏమీ లేనప్పుడు ముల్లు మధ్యన నిలవాలి. నిలవకపోతే పళ్ళెం అడుగున ఏదో అంటించి ఉందని అర్థం. నీ తక్కెడలో ఆ కాలేజీ పళ్ళెం కింద ఏదో అంటించి ఉంది. అదేమిటో నువ్వు చెప్పడం లేదు.

నాది చెప్తాను. నేను మంచం పక్క కుర్చీలో కూర్చుంటే మీ అమ్మ కళ్ళు మూసుకునేది. ఆ కౌన్సిలర్ కూర్చుంటే తెరిచేది. "మీరు కాస్త బయట కూర్చోండి" అనేవాళ్ళు నన్ను. తలుపు అద్దంలోంచి పెదాలు కదలడం కనిపించేది, మాట వినిపించేది కాదు. అంతా అయిపోయాక ఆవిడ దగ్గరికి వెళ్ళి అడిగాను, మా ఆవిడ ఏం చెప్పిందని. "అది ఆవిడ మాట. నేను చెప్పకూడదండీ" అంది. మర్యాదగానే అంది. టేబులు మీద ఉన్న నీళ్ళ గ్లాసు నా వైపు జరిపింది.

ఇంటి మనిషి మాటలు ఇంటివాడి దగ్గరే దాచే చదువు అది. దానికి నేను హామీ ఉండను.

నాన్న

*

హాస్టల్, మెట్ల మీద (గదిలో ముగ్గురు మాట్లాడుకుంటున్నారు)

నాన్నగారికి,

అడిగారు కాబట్టి చెప్తాను. బాధపడితే పడండి.

అమ్మ ఆవిడతో ఏం చెప్పిందో నేను విన్నాను. ఒక్కసారే. ఉతికిన దుప్పటి తెచ్చి, అడ్డుతెర వెనకే నిలబడిపోయాను. అమ్మ అంది: "నా బాధల్లా ఆ ఒక్క ముల్లే. అది బయటికి రాదు. లోపల్లోపలే ఉండిపోతుంది. నేను పోయాక ఎలాగో." ఆ మాట అన్నాక ఇద్దరూ నవ్వారు.

మనసులో దిగిన ముల్లు గురించి చెప్పి అమ్మ నవ్వింది. మనింట్లో అమ్మ అలా నవ్వగా మీరెప్పుడు చూశారు? ఒక మనిషి బాధని తవ్వి తీసి, ఆ మనిషి చేతే నవ్వించగలిగిన చదువు అది. నేను ఆవిడ దగ్గరే నేర్చుకుంటాను. ఏదో ఒక నాటికి ఆ ముల్లేమిటో నాకు తెలుస్తుంది. పళ్ళెం కింద అంటించింది ఇదే. చూసుకోండి.

మీతో చెప్పుకోవచ్చు కదా అంటారు. ఏం చెప్పుకుంటుంది? చిన్నప్పుడు నా ఒళ్ళు కాలిపోతుంటే నుదుటి మీద చెయ్యి వెయ్యకుండా, థర్మామీటరు సరిగ్గా చూపిస్తోందో లేదో రెండోదానితో పోల్చి చూసే మనిషి మీరు. ఆ ముల్లు మీరు గుచ్చిందే అయ్యుంటుందని నా అనుమానం. గుచ్చినవాడికి తెలీదు కదా.

సీటు వచ్చిన రోజు కౌన్సిలర్ గారిని కలిశాను. నేనూ అడిగాను, మీలాగే. నాకూ చెప్పలేదు. "మీ నాన్నగారు ఎవరితోనైనా మాట్లాడుతున్నారా?" అని మాత్రం అడిగింది. మాట మార్చడానికి. మీ గురించి ఆవిడకెందుకు?

మబ్బులు కమ్ముకుంటున్నాయి. ఫారం పంపుతారా, పంపరా?

*

ఇంటి నుంచి

అమ్మాయికి,

సంతకం పెట్టాను. ఫారం ఇందులోనే ఉంది.

గొడుగు కొనుక్కో.

నాన్న

*

హాస్టల్

నాన్నగారికి,

ఫారం అందింది. బ్యాంకుకి ఇవ్వలేదు. నా సంచిలోనే ఉంది.

మా ఆఫీసులో కొత్తగా చేరిన వాళ్ళకి మొదట చెప్పేది ఏమిటో తెలుసా? నెలల తరబడి "కట్టను, ఏం చేసుకుంటావో చేసుకో" అన్నవాడు ఒకరోజు నోరెత్తకుండా కట్టేశాడంటే సంబరపడకు, ఆ మనిషికి ఏదో జరిగింది, మెల్లగా కనుక్కో అని. ఇంట్లో ఎవరో పోయి ఉంటారు, లేదా ఇంతకంటే పెద్దది ఏదో దాస్తుంటారు.

మీరు నోరెత్తకుండా కట్టేశారు. నేను తిట్టిన తిట్లకి నాలుగు పేజీల జవాబు రావాలి. 'గుచ్చినవాడికి తెలీదు' అన్నదానికి నన్ను ఇంట్లో అడుగు పెట్టొద్దని రాయాలి. గొడుగు కొనుక్కోమన్నారు. ఆ మాటకి నాకు భయం వేసింది.

ఆ ముల్లేమిటో మీకు తెలుసు. అవునా? తెలిసీ ఆసుపత్రిలో ఆవిడని ఎందుకడిగారు? నన్ను ఇన్ని ఉత్తరాలు ఎందుకు రాయనిచ్చారు? మీది జాలి సంతకమా, తప్పు చేసిన వాడి సంతకమా? ఏదో తేలేదాకా ఈ కాగితం సంచి దాటదు. గడువు దాటిపోతే పోనివ్వండి, ఆ పాపమూ మీ ఖాతాలోనే.

*

సంత వీధి, ధాన్యం కొట్టు అరుగు మీద

అమ్మాయికి,

తనిఖీ మధ్యలో రాస్తున్నాను. కొట్టువాడు తక్కెడ కడిగి తెస్తానని లోపలికి వెళ్ళాడు. కడిగే పని ఏమీ లేదు. అడుగున ఉన్నది ఊడదీసుకుంటున్నాడు. ఊడదీసుకోనీ అని ఊరుకున్నాను.

ఆసుపత్రిలో ఉన్నప్పుడు నాకు తెలీదు. నీ ఉత్తరం చదివాక తెలిసింది.

ముల్లు నేనే.

పెళ్ళైన కొత్తలో మీ అమ్మ నా పని చూస్తానంటే ఒకసారి వెంట తీసుకెళ్ళాను. ఇలాంటి కొట్టే. పళ్ళేల్ని చూడకు, మధ్యనున్న ముల్లుని చూడు అన్నాను. కొట్టువాడు ఎంత బతిమాలినా తక్కెడ మీద ముద్ర వెయ్యలేదు. దారిలో మీ అమ్మ అంది: "ముల్లుని ఎందుకు చూడమన్నారో తెలిసిందిలెండి. అచ్చం మీలాగే ఉంది. ఎవరికోసమూ పక్కకి జరగదు. ముట్టుకుంటే గుచ్చుకుంటుంది." ఆ రోజు నుంచి నా పేరు అదే. ఎవరూ లేనప్పుడే అనేది. నీ ముందు 'మీ నాన్న' అనేది. నువ్వు పుట్టాక ఎవరూ లేని సమయం తక్కువైంది. తర్వాత మంచం పట్టింది. ఆ పేరు మర్చిపోయిందనుకున్నాను.

నువ్వు ఇంకేం రాసినా నాకు అర్థమయ్యేది కాదు. ఇద్దరూ నవ్వారని రాశావు. అక్కడ తెలిసింది. ఆ పేరు చెబితే ఎవరైనా నవ్వుతారు.

నీ ఉత్తరం అందాక వారం రోజులు ఆఫీసుకి వెళ్ళలేదు. నా బాధల్లా ఆ ఒక్క ముల్లే అందట. ఆ మాట ఎన్నిసార్లు చదివానో చెప్పను. నేను కూర్చుంటే కళ్ళెందుకు మూసుకునేదో కూడా ఇప్పుడు తెలిసింది. నన్ను చూస్తే తన ధైర్యం పోతుందని. నాకలా అనుకోవాలని ఉంది. నిజమో కాదో చెప్పేవాళ్ళు లేరు.

సంతకం జాలితో పెట్టలేదు. నువ్వు నాకు ఆ మాట తెచ్చి ఇచ్చావు. దానికి బదులు నా దగ్గర ఇవ్వడానికి వేరే ఏమీ లేదు. అందుకు పెట్టాను. ఈ సంగతి దాచేసి, నువ్వు నీ కాలేజీలో చేరితే సరిపోతుందనుకున్నాను. కానీ నువ్వు ఆ కాలేజీ కోరుకున్నది ఆ ముల్లు కోసం. లేని ముల్లుకి నాలుగేళ్ళ జీతం అప్పు చేస్తున్నావు. ఊరుకుంటే తప్పుడు తక్కెడ మీద ముద్ర వేసి ఇచ్చిన వాణ్ణి అవుతాను. అది నా వల్ల కాదు.

సంతకం వెనక్కి తీసుకోను. నువ్వు మళ్ళీ తూచు. రెండు పళ్ళేల్లోంచీ మీ అమ్మని తీసెయ్యి. నన్నూ తీసెయ్యి. ముల్లు మధ్యన నిలిచాక అప్పు ఒకవైపు, చదువు ఒకవైపు పెట్టి చూడు. ఎటు మొగ్గితే అటు వెళ్ళు. ఆవిడ కాలేజీ వైపే మొగ్గితే ఆ ఫారం బ్యాంకులో ఇచ్చెయ్యి. నేను నోరెత్తను.

థర్మామీటరు సంగతి నిజమే. మొదటిది పాడైంది. రెండోది చూపించాక డాక్టరు దగ్గరికి పరిగెత్తాను. ఆ ముక్క నీకు ఎవరూ చెప్పలేదు.

కొట్టువాడు వచ్చాడు.

నాన్న

*

హాస్టల్

నాన్నకి,

మూడు ఉత్తరాలు చింపేసి ఇది రాస్తున్నాను. మొదటిదాంట్లో ఉన్నవన్నీ తిట్లే. చింపుతుంటే మనసొప్పలేదు, చాలా బాగా కుదిరాయి.

నాకెంత సిగ్గుగా ఉందో నీకు తెలీదు. కాలేజీ ఇంటర్వ్యూలో 'ఈ చదువే ఎందుకు' అని అడిగితే ఆ ముల్లు గురించి చెప్పాను. నలుగురు పెద్దవాళ్ళ ముందు. అందులో కౌన్సిలర్ గారు కూడా ఉన్నారు. మిగతా ముగ్గురూ కళ్ళు తుడుచుకున్నారు. ఆవిడ ఒక్కతే కిటికీ వైపు తిరిగి దగ్గింది. నా ఏడుపు చూడలేక అనుకున్నాను. అది నవ్వని ఇప్పుడు తెలిసింది. ఇరవై ఏళ్ళు తూనికల అధికారి కూతురిగా పెరిగి, ముల్లు అనగానే కాలికి గుచ్చుకునేదే గుర్తొచ్చింది నాకు! నువ్వూ అమ్మా ఒకరినొకరు మనుషుల్లా పేర్లు పెట్టి పిలుచుకుని ఉంటే నాకీ గతి పట్టేది కాదు.

నీ మీద కోపం పోలేదు. వారం పాటు తెలిసీ దాచావు. ఆవిడ దాచిందని గింజుకున్నావు కదా. ఆవిడ దాచింది అమ్మ కోసం. నువ్వు దాచింది నా చేత అప్పు చేయించడానికి.

తూచాను. అమ్మని తీసెయ్యడం నీ కాగితం మీద తేలిక, నాకు రెండు రోజులు పట్టింది. తీశాక ఆవిడ కాలేజీ పళ్ళెంలో మంచి భవనం, మంచి పేరు, నాలుగేళ్ళ జీతం అప్పు మిగిలాయి. మానసిక ఆసుపత్రి పళ్ళెంలో రంగు వెలిసిన గోడలు, చిన్న జీతం, ఎటు వెయ్యమంటే అటు వెళ్ళాల్సిన మూడేళ్ళు. అప్పు లేదు. ఇంకొకటి కూడా ఉంది. అక్కడికొచ్చే వాళ్ళ మాట బయట ఎవరూ వినరు. వినాలని ఉంది నాకు. అమ్మ కోసం కాకపోయినా ఉంది. ఈ మాట నీ ఉత్తరం రాకముందు నాకే నమ్మకంగా తెలీదు.

అక్కడే చేరుతున్నాను. హామీ అక్కర్లేదన్నారు. నువ్వు గెలిచానని అనుకోకు. నీ లెక్కలో ఆ చివరిది లేదు.

ఫారం తిరిగి పంపుతున్నాను. నీ సంతకం చుట్టూ కత్తిరించి, ఆ ముక్క మాత్రం ఉంచుకున్నాను. అడక్కు.

ఒకటి చెప్పు. అమ్మ బాధ నువ్వైతే, ఆ బాధ మొయ్యడానికి ఇప్పుడు మిగిలింది నేనొక్కదాన్నే. కౌన్సిలర్ గారు నన్ను అడిగిందే నిన్ను అడుగుతున్నాను. సూటిగా చెప్పు, అంకెలు రాయకు. ఎవరితోనైనా మాట్లాడుతున్నావా?

అమ్మాయి

*

ఇంటి నుంచి

అమ్మాయికి,

నీతో పోట్లాడుతున్నాను కదా.

ముల్లు